కట్ చేసిన చోట ఏముంది? డాక్యుమెంటరీ నిజాయతీపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. డాక్యుమెంటరీ తీసేవాళ్లు ఎంతవరకు కల్పించుకోవచ్చు, ఎక్కడ ఆగాలి? తీసేవాళ్లూ రాశారు, చూసేవాళ్లూ రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మంచు ఎలుగుబంటి పిల్లల్ని గుహలో చూపించిన దృశ్యం చూసి ఎంతో ఆశ్చర్యపోయాను. అది జంతుప్రదర్శనశాలలో తీసిందని తర్వాత తెలిసి మోసపోయినట్టు అనిపించింది. ఇది నా అమాయకత్వమా?

జవాబు: కాదు. మీరు చెప్పేది బీబీసీ 2011లో ప్రసారం చేసిన ‘ఫ్రోజెన్ ప్లానెట్’ అయ్యుండాలి. తీసినవాళ్లకు గట్టి కారణమే ఉంది. మంచు కింద తవ్వుకున్న గుహలోకి కెమెరా దూర్చితే తల్లి బెదిరి పిల్లల్ని వదిలేయవచ్చు, మనుషుల మీదికీ రావచ్చు. కాబట్టి ఆ షాట్‌ను సంరక్షణలో ఉన్న ఎలుగుతో తీయడంలో తప్పు లేదు. తప్పంతా అతికించిన తీరులో ఉంది. బయటి మంచుకొండలనూ లోపలి గుహనూ కుట్టు కనబడకుండా కలిపేశారు. వ్యాఖ్యానంలో ఆ సంగతి చెప్పలేదు. వివరణను కార్యక్రమం వెబ్‌సైట్‌లో పెట్టారు. టీవీ ముందు కూర్చున్న మనిషి అంతదూరం వెతుక్కుంటూ వెళ్తాడని ఎలా అనుకుంటాం? ‘అడవిలో ఈ దృశ్యం తీస్తే పిల్లలకు ప్రమాదం, ఇది సంరక్షణలో ఉన్న ఎలుగు’ అని చెప్పడానికి ఐదారు సెకన్లు చాలు. ఆ మాట వల్ల దృశ్యం అందం ఏమీ తగ్గదు.

అయితే దీన్ని 1958 నాటి డిస్నీ చిత్రం ‘వైట్ వైల్డర్‌నెస్’తో ఒకే గాటన కట్టకూడదు. లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి జంతువులు గుంపులుగా కొండ అంచు నుంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయన్న అపోహను ఆ చిత్రం లోకమంతా పాకించింది. నిజానికి కెనడాలో చిత్రీకరణ జరిగిన ప్రాంతంలో ఆ జంతువులే లేవు. వేరే ప్రాంతం నుంచి తెప్పించి, గుండ్రంగా తిరిగే బల్ల మీద పరుగెత్తించి పెద్ద గుంపులా చూపించారు. చివరికి వాటిని నీళ్లలోకి తోసేశారు. ఈ సంగతిని 1982లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ బయటపెట్టింది. అప్పటికే ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఎలుగు విషయంలో జరిగిన సంగతి నిజం, చోటు వేరు. ఇక్కడ జరిగిన సంగతే అబద్ధం. ప్రాణాలు తీసి మరీ దాన్ని పుట్టించారు.

వన్యప్రాణుల చిత్రాల్లో శబ్దాన్ని కూడా గమనించండి. 600 మిల్లీమీటర్ల లెన్స్‌తో వందల అడుగుల దూరం నుంచి తీసిన జంతువు అడుగుల చప్పుడు మైకుకు అందదు. మీరు వినేది చాలావరకు స్టూడియోలో ఫోలీ కళాకారులు, అంటే వస్తువులతో చప్పుళ్లు పుట్టించేవాళ్లు, చేసినది. దీన్ని మేం మోసంగా చూడం. కానీ ఒక జంతువు మరో జంతువును చూసి అరిచినట్టు, వేరే సందర్భంలో రికార్డు చేసిన అరుపును అక్కడ వేస్తే అది జంతువు ప్రవర్తన గురించే తప్పు చెప్పడం. ఒకే తల్లి కథ అని చెబుతూ నాలుగు జంతువుల షాట్లు కలపడం కూడా ఈ కోవలోనిదే. చెవి మీది గాటు, మచ్చల వరస, కొమ్ము విరిగిన చోటు షాటు షాటుకూ సరిపోతున్నాయో లేదో చూస్తే చాలాసార్లు దొరికిపోతుంది.

ప్రశ్న: ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. రెండు గంటల ఇంటర్వ్యూని మూడు నిమిషాలకు కుదించమన్నారు. కత్తిరించకుండా కుదరదు, కత్తిరిస్తే అర్థం మారుతుందేమోనని భయం. గీత ఎక్కడ గీసుకోవాలి?

జవాబు: ఈ వృత్తిలో అత్యంత ముఖ్యమైన ప్రశ్న ఇదే అని మా అభిప్రాయం. షూటింగ్‌లో జరిగే మాయను పదిమంది చూస్తారు, ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఎడిటింగ్ గదిలో మీరూ కంప్యూటరూ తప్ప ఎవరూ ఉండరు. అందుకే ఇక్కడ మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి.

మొదటి పని, మొత్తం ఇంటర్వ్యూని టైమ్‌కోడ్‌తో, అంటే రికార్డింగ్‌లో ఆ మాట వచ్చే గంట, నిమిషం, సెకనుతో సహా అక్షరాల్లో పెట్టడం. రెండు గంటల మాట ముప్ఫై నలభై పేజీలు వస్తుంది. మాట్లాడిన మనిషి జవాబులతోపాటు అడిగిన ప్రశ్నలనూ ఉన్నవి ఉన్నట్టు రాయాలి. చాలామంది ఇక్కడే కక్కుర్తి పడి ప్రశ్నలు వదిలేస్తారు, తర్వాతి తప్పులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. ‘ఒకవేళ మిమ్మల్ని అప్పుడే తీసేసి ఉంటే ఏం చేసేవారు?’ అని అడిగితే ‘కేసు వేసేవాణ్ని’ అంటాడు. ప్రశ్న తీసేసి ఆ జవాబును ఉద్యోగం పోయిన దృశ్యం పక్కన పెడితే, నిజంగా కేసు వేయాలని చూసిన మనిషిలా కనిపిస్తాడు. ఒక్క అక్షరం మార్చలేదు, అర్థం తలకిందులైంది.

తర్వాత వాడదలచిన ముక్కలను కాగితం మీదే వరసగా పేర్చండి. ప్రతి ముక్క పక్కన అసలు టైమ్‌కోడ్ రాయండి. 00:14:20 దగ్గరి మాట పక్కకు 01:32:05 దగ్గరి మాట వచ్చిందంటే ఆ అతుకు దగ్గర ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. అక్కడ ఆగి, రెండు ముక్కలకూ ముందు ఒక నిమిషం, వెనక ఒక నిమిషం అసలు రికార్డింగ్ వినండి. రెండూ ఒకే విషయం గురించేనా? ఒకే మనిషి గురించేనా? ‘వాళ్లు’ అన్నప్పుడు రెండుచోట్లా ఆ ‘వాళ్లు’ ఒకరేనా? మాట్లాడిన వ్యక్తి ఈ కట్ చూస్తే ‘క్లుప్తంగా ఉంది కానీ నేనన్నది ఇదే’ అంటాడా? ఆ జవాబు రాకపోతే అతుకు తీసేయండి.

తడబాట్లు, దగ్గు, ‘అంటే... అదీ...’ లాంటివి తీసేయవచ్చు. ఒకే సంగతి మూడుసార్లు చెబితే బాగున్న ఒక్కసారి ఉంచుకోవచ్చు. ‘కానీ’, ‘బహుశా’, ‘నాకు తెలిసినంతవరకు’, ‘విన్నాను’ లాంటి మాటలను మాత్రం ముట్టుకోకండి. వాక్యం బరువంతా వాటి మీదే ఉంటుంది. రెండు వేర్వేరు వాక్యాల్లోని ముక్కలు కలిపి, ఆ మనిషి ఎన్నడూ అనని మూడో వాక్యం తయారుచేయడాన్ని ఎడిటర్లు ‘ఫ్రాంకెన్‌బైట్’ అంటారు. రియాలిటీ షోల్లో ఇది రోజువారీ పని. డాక్యుమెంటరీలో దీనికి చోటు లేదు.

మౌనం సంగతి కూడా చూసుకోవాలి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య అర సెకను ఉన్నచోట మరో నాలుగు సెకన్లు చేర్చితే ఆ మనిషి ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. ఇంటర్వ్యూ అయ్యాక రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడని గది శబ్దం, కనీసం 30 సెకన్లు రికార్డు చేస్తాం. అది అతుకులు సాఫుగా చేయడానికి ఉన్నది, లేని తటపటాయింపు పుట్టించడానికి కాదు. కట్ అవే షాట్లూ, అంటే మాట్లాడే మనిషి నుంచి పక్కకు మళ్లించి చూపే షాట్లూ, అంతే. వింటున్నవాళ్ల ముఖాలు వేరే సందర్భంలో తీసి ఇక్కడ పెడితే, వాళ్లు ఆ మాటకే ముఖం చిట్లించినట్టు అవుతుంది. సందేహం ఉన్నచోట జంప్ కట్‌ను, అంటే బొమ్మ గెంతినట్టు కనబడే అతుకును, అలాగే వదిలేయండి. చూసేవాళ్లకు ‘ఇక్కడ కొంత తీసేశారు’ అని తెలుస్తుంది, అది మర్యాద.

పెద్ద సంస్థలే ఇక్కడ దెబ్బతిన్నాయి. 2007లో బ్రిటన్ రాణి మీద తీసిన కార్యక్రమం ప్రచార వీడియోలో, ఫొటో తీయించుకోవడానికి ఆమె గదిలోకి వస్తున్న షాట్‌ను, ఫొటోగ్రాఫర్ కిరీటం తీయమన్న సంభాషణ తర్వాత పెట్టారు. రాణి కోపంతో లేచి వెళ్లిపోయినట్టు కనిపించింది. ఆ వీడియోను చూపిన బీబీసీ వన్ ఛానల్ అధిపతి ఆ ఏడాదే రాజీనామా చేశారు. 2015 నాటి ‘ది జింక్స్’ ధారావాహిక ముగింపులో, హత్యారోపణలున్న రాబర్ట్ డర్స్ట్ మైకు ఆన్‌లో ఉందని మరిచి తనలో తాను గొణుక్కుంటాడు: ‘నేనేం చేశాను? అందరినీ చంపేశాను.’ ప్రశ్న, వెంటనే జవాబు. 2019లో కోర్టు పత్రాల ద్వారా తేలిందేమిటంటే, అసలు రికార్డింగ్‌లో చంపిన మాట ముందు ఉంది, ‘ఏం చేశాను’ అన్నది వేరే మాటల తర్వాత ఎప్పుడో వస్తుంది. అతను 2021లో హత్యకేసులో దోషిగా తేలాడు. అయినా ఆ కట్ తప్పే. నేరస్థుడి మాటనైనా అతను అన్న వరసలోనే వినిపించాలి. అతుకు బయటపడ్డ రోజున చిత్రంలోని నిజాయతీ గల భాగాలను కూడా జనం అనుమానిస్తారు.

చివరి జాగ్రత్త: కట్ పూర్తయ్యాక మీ కాగితం, మొత్తం రాతప్రతి రెండూ షూటింగ్‌లో లేని ఒక మనిషికి ఇవ్వండి. ఎర్ర గుర్తులున్న చోట్లు మాత్రమే పోల్చి చూడమనండి. ఒక పూట పని.

ప్రశ్న: ‘ఆ తలుపు తీసుకుని ఇంకోసారి లోపలికి రండి’ అని అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. తలుపు తీసుకుని రావడం, బండి ఎక్కడం, పనిముట్టు చేతిలోకి తీసుకోవడం లాంటివి ఆ మనిషి రోజూ చేసేవే, చూసేవాళ్లు వాటి నుంచి ఏ తీర్పూ తీసుకోరు. 1936 నాటి ‘నైట్ మెయిల్’లో రైల్లో ఉత్తరాలు వేరుచేసే పెట్టె లోపలి భాగం స్టూడియోలో వేసిన సెట్. నిజమైన తపాలా ఉద్యోగులే, రైలు కదులుతున్నట్టు ఒళ్లు ఊపుతూ పనిచేశారు. వాళ్ల పని గురించి అందులో అబద్ధం లేదు.

ఉత్తర కెనడాలోని ఒక ఇన్యూట్ వేటగాడి కుటుంబం మీద 1922లో వచ్చిన ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ దగ్గర చిక్కు మొదలవుతుంది. లోపలికి వెలుతురు చాలక మంచు ఇంటిని సగానికి కోసి తీయడం సాంకేతిక అవసరం. కానీ అప్పటికే తుపాకులు వాడుతున్న వాళ్లతో ఈటెలతో వేట చేయించారు. భార్యగా చూపించిన ఆమె అతని భార్య కాదు. గ్రామఫోన్ ఏమిటో తెలిసిన మనిషి చేత రికార్డును కొరికించారు. ఒక జాతి జీవితాన్ని గతంలో బిగించి, లేని అమాయకత్వం అంటగట్టారు.

కాబట్టి ఏ పని మళ్లీ చేయిస్తున్నామన్నది ముఖ్యం. ఏడుపు, కోపం, మొదటిసారి వార్త విన్నప్పటి ముఖం మళ్లీ చేయించకూడదు. చేయిస్తే ఆ మనిషి అప్పటి నుంచి నటుడైపోతాడు, మిగతా రోజులన్నీ కెమెరాకు ఏం కావాలో చూసి ప్రవర్తిస్తాడు. డబ్బిచ్చి చేయిస్తే పరిస్థితి ఇంకా పాడవుతుంది. బ్రిటన్‌లో 1996లో ప్రసారమైన ‘ది కనెక్షన్’ అనే మాదకద్రవ్యాల రవాణా డాక్యుమెంటరీలో కీలక దృశ్యాలు కల్పించినవని రెండేళ్ల తర్వాత బయటపడింది. దాన్ని తీసిన కార్ల్‌టన్ టీవీకి నియంత్రణ సంస్థ 20 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

ప్రశ్న: కథ బిగువు కోసం సంఘటనల వరస మార్చాను. ప్రతి షాటూ నిజమే. ఇంకేం ఇబ్బంది?

జవాబు: రెండు షాట్లు పక్కపక్కన పెడితే మొదటిది కారణం, రెండోది ఫలితం అని మనసు తనంతట తనే కలుపుకుంటుంది. ‘అందుకే’ అని మీరు నోటితో అనకపోయినా అన్నట్టే. 1989 నాటి ‘రోజర్ అండ్ మి’పై వచ్చిన విమర్శ ఇదే. కార్ల ఫ్యాక్టరీలో భారీగా ఉద్యోగాలు తీసేశాక ఆ ఊరు ‘ఆటోవరల్డ్’ అనే వినోద కేంద్రం కట్టినట్టు అందులో అనిపిస్తుంది. అది తెరుచుకున్నది 1984లో, చిత్రంలోని తొలగింపుల ప్రకటన వచ్చింది 1986లో. ఆ ఊరి కష్టం నిజం. కానీ వరస గురించి ‘ఫిల్మ్ కామెంట్’ పత్రిక నిలదీయడంతో చర్చంతా కష్టం మీద నుంచి దర్శకుడి మీదికి మళ్లింది.

గోడకు రెండు వరసల్లో చీటీలు అంటించండి. పై వరసలో అసలు తేదీల ప్రకారం సంఘటనలు, కింద మీ చిత్రంలోని వరస. రెండిటి మధ్య దారాలు కడితే, దారాలు ఒకదాన్నొకటి దాటిన ప్రతిచోటా అడగండి: ఇక్కడ తేదీ వేస్తే కథ కూలిపోతుందా? కూలిపోతే ఆ కథ నిజం కాదు. కూలిపోకపోతే తేదీ వేసేయండి, ఆ తర్వాత వెనక్కీ ముందుకీ ఎంతైనా వెళ్లండి.

ప్రశ్న: నటులతో తీసిన పునఃసృష్టి దృశ్యాలున్నాయి. ఎండ్ టైటిల్స్‌లో ఆ సంగతి వేస్తే చాలదా?

జవాబు: చాలదు. అప్పటికే చూసేవాళ్లు ఒక నమ్మకానికి వచ్చేసి ఉంటారు, సగంమంది లేచిపోతారు. మొదటి దృశ్యం మొదలయ్యేటప్పుడే ‘పునఃసృష్టి’ అన్న అక్షరాలు 4–5 సెకన్లు నిలవాలి. చాలాసేపటి తర్వాత మళ్లీ అలాంటి దృశ్యం వస్తే మళ్లీ వేయాలి. ముఖాలు చూపకుండా చేతులు, నీడలు, వస్తువులతో తీయడం, లేదా అసలు ఫుటేజ్‌కు పూర్తిగా వేరైన వెలుగు, రంగు వాడటం ఇంకా మేలు. పాత వీడియోలా మరకలు, వణుకు, మూలన తేదీ అంకెలు చేర్చితే మాత్రం అది నకిలీ ఆధారం తయారుచేయడమే.

1988లో వచ్చిన ‘ది థిన్ బ్లూ లైన్’ ఈ పద్ధతిని బాగా వాడింది. ఒక పోలీసు హత్యను ఒక్కో సాక్షి చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ చూపిస్తుంది, ప్రతిసారీ వివరాలు మారతాయి. ‘ఇలా జరిగింది’ అని కాదు, ‘ఇలా జరిగిందని ఈమె అంటోంది’ అని. ఆ హత్యకేసులో, చేయని నేరానికి జైల్లో ఉన్న రాండల్ డేల్ ఆడమ్స్ 1989లో విడుదలయ్యాడు. సారా పోలీ తన కుటుంబం మీద తీసిన 2012 చిత్రం ‘స్టోరీస్ వి టెల్’లో ఇంటి వీడియోలనిపించిన వాటిలో కొన్ని నటులతో తీసినవని చిత్రం చివర్లో బయటపెడుతుంది. జ్ఞాపకాల్ని ఎంత నమ్మవచ్చన్నదే అక్కడ విషయం కనుక, తెర మీదే ఒప్పుకుంది కనుక అది చెల్లింది. ఇలాంటి కారణం లేనివాళ్లు ఆ దారి పట్టకపోవడం మంచిది.

ప్రశ్న: పాత ఊరేగింపు ఫుటేజ్ దొరకలేదు, అదే కాలం నాటి వేరే ఊరేగింపు వేశాం. ఒక ఫొటోను ఏఐతో శుభ్రం చేశాం. ఇవి తప్పులా?

జవాబు: వ్యాఖ్యానం ఏమంటోందన్నదాన్ని బట్టి. ‘ఆ రోజుల్లో ఊరేగింపులు జరిగేవి’ అన్నప్పుడు పరవాలేదు. ‘ఆ రోజు ఉదయం వేలమంది కదిలారు’ అన్నప్పుడు వేరే రోజు జనాన్ని చూపిస్తే తప్పు. ప్రతి పాత క్లిప్‌కూ ఒక వరస రాసిపెట్టుకోండి: ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర తీసుకున్నాం, అసలు శబ్దం ఉందా, ఎడమ కుడి తిప్పామా, అంచులు కోశామా. మూకీ కాలపు ఫిల్మ్ చాలావరకు సెకనుకు 16–18 ఫ్రేములతో తీసింది. దాన్ని 24 మీద నడిపితే మనుషులు గబగబా బొమ్మల్లా కదులుతారు, చూసేవాళ్లకు నవ్వొస్తుంది. చనిపోయినవాళ్ల మీద అలా నవ్వు తెప్పించడం కూడా అన్యాయమే.

ఏఐ దగ్గర తేడా స్పష్టం. గీతలు, దుమ్ము, గుయ్యిమనే శబ్దం తీసేయడం మరమ్మతు. మసక ముఖాన్ని స్పష్టం చేయమంటే యంత్రం అక్కడ లేని కళ్లు, పళ్లు, వేళ్లు ఊహించి గీస్తుంది. ఫలితం ఇంకెవరి ముఖమో అవుతుంది. అసలు ఫొటోను ఎప్పుడూ పక్కన ఉంచి, వీలైతే అసలునే మసకగా చూపించండి. వంటల, ప్రయాణాల టీవీ కార్యక్రమాలతో పేరొందిన దివంగత ఆంథనీ బోర్డేన్ మీద 2021లో వచ్చిన ‘రోడ్‌రన్నర్’లో ఆయన రాసిన కొన్ని మాటలను ఏఐ గొంతుతో పలికించి, ఆ సంగతి చిత్రంలో చెప్పలేదు. మొత్తం ముప్పావు నిమిషమే. ఆయన రాసిన మాటలే. అయినా ఒక మనిషి పలకనిది పలికినట్టు వినిపించారు కనుక జనం మండిపడ్డారు. పాత ఫుటేజ్‌తో పనిచేసే నిర్మాతల సంఘం ఆర్కైవల్ ప్రొడ్యూసర్స్ అలయన్స్ 2024లో ఇచ్చిన సూచనలు కూడా చూసేవాళ్లకు చెప్పి వాడండి అంటున్నాయి. వేరే గొంతుతో చదివించి ‘ఆయన లేఖ నుంచి’ అని వేస్తే సరిపోయేది.

ప్రశ్న: విషాద సంగీతం వేయడం కూడా మభ్యపెట్టడమేనా?

జవాబు: సంగీతం లేకుండా ఒకసారి చూడండి. ఆ దృశ్యంలో అనుమానం, భయం మాటల్లో గానీ చేతల్లో గానీ కనబడకుండా, కేవలం రీరికార్డింగ్ వల్లే పుడుతుంటే తీసేయండి. ముఖ్యంగా నేరం రుజువు కాని మనిషి తెర మీదికొచ్చినప్పుడు.

ప్రశ్న: అనుమతి పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చిన మనిషి ఇప్పుడు ‘విడుదలకు ముందు చూపించండి’ అంటున్నారు. చూపిస్తే మార్చమంటారని భయం. ఇంకొకరు ముఖం దాచమంటున్నారు, బ్లర్ చేస్తే చాలా?

జవాబు: చూపించండి. సంతకం కోర్టులో మీకు పనికొస్తుంది, ఆ మనిషి ముందు పనికిరాదు. 1961లో ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’ తీసిన జాన్ రూష్, ఎడ్గార్ మోరిన్ తమ ఫుటేజ్‌ను అందులోని మనుషులకు చూపించి, వాళ్ల అభ్యంతరాలనే చిత్రంలో భాగం చేశారు. చూపించే ముందు మాత్రం హద్దు చెప్పండి: వాస్తవం తప్పయితే దిద్దుతాం, మీకో మీవాళ్లకో ప్రమాదం ఉంటే తీసేస్తాం, ‘నేను బాగా కనబడలేదు’ అంటే వింటాం కానీ నిర్ణయం మాది. రఫ్ కట్ దశలోనే, అంటే తొలి కూర్పు అయినప్పుడే, చూపించాలి. మిక్సింగ్ అయ్యాక చూపిస్తే అది లాంఛనమే, వాళ్లకూ ఆ సంగతి తెలిసిపోతుంది.

అనుమతి ఎవరి దగ్గర తీసుకున్నామన్నది ఇంకో చిక్కు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో మానసిక రోగులైన ఖైదీల ఆసుపత్రిని చూపిన ‘టిటికట్ ఫాలీస్’ 1967లో వచ్చింది. ఖైదీల గోప్యతకు భంగమన్న కారణంతో కోర్టు ఆపింది. సాధారణ ప్రేక్షకులకు చూపడానికి 1991 దాకా అనుమతి రాలేదు. అధికారులు సరేనన్నంత మాత్రాన లోపలి మనిషి సరేనన్నట్టు కాదు. ఆ రోజు సంతకం పెట్టే స్థితిలో లేని మనిషిని కోలుకున్నాక మళ్లీ అడగాలి.

ముఖం దాచే విషయంలో బ్లర్‌ను నమ్మకండి. గళ్ల బ్లర్ కింది ముఖాన్ని కొన్ని సందర్భాల్లో తిరిగి పోల్చుకోగలుగుతున్నారు. గొంతు శ్రుతి మార్చితే వెనక్కి తిప్పవచ్చు. నడక, చేతి ఉంగరం, గోడ మీది క్యాలెండర్, కిటికీలోంచి కనబడే భవనం తెలిసినవాళ్లకు చాలు. షూటింగ్‌లోనే వెనక నుంచి వెలుగు పెట్టి నీడగా తీయండి, అసలు ముఖం ఏ మెమరీ కార్డులోకీ ఎక్కనీయకండి. మాటలను మరొకరి చేత చదివించి, ఆ సంగతి తెర మీద వేయండి. ఫైళ్ల పేర్లలో అసలు పేరు పెట్టవద్దు, క్రెడిట్లలో స్థానిక సహాయకుల పేర్లూ చూసుకోండి. 2012 నాటి ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’లో ఇండోనేసియా సిబ్బంది చాలామందికి ‘అనామకం’ అనే వేశారు. అసలు రికార్డింగ్ ఉన్న డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేయండి. అది ఎవరి దగ్గర ఉంటుందో, ఎప్పుడు చెరిపేస్తారో ఆ మనిషికి షూటింగ్ రోజునే చెప్పండి.